ముఖపత్రమునకు ఇవ్వని చిత్రము

(మన సంఘము మాసపు సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పక్షిశాస్త్రము చదివినవాడను కాను. కళాశాలలో చదివినది చరిత్రయు, తెలుగును. సచివాలయములో చేయునది దస్త్రముల పని. సెలవు దినములలో కెమెరా పట్టుకొని నీటిపట్టుల వెంట తిరుగుట మాత్రము చాల యేండ్లుగా నాకున్న వ్యసనము. ఇది తెలిసిన మన సంచిక సంపాదకులవారు ఈ యేటి ముఖపత్రమునకు నేను తీసిన ఎర్రకాళ్ళ కొంగల చిత్రము నడిగినారు. మీలో పలువురు దానిని చూచియే యుందురు. తుమ్మచెట్టు కొమ్మలనుండి కొంగలన్నియు ఒక్కసారిగా లేచు చిత్రము అది. ఇవ్వలేనన్నాను. “అయితే కారణమైనను సభలో చెప్పండి” అన్నారు. అందువలన మీకు ఈ ప్రసంగము వినవలసి వచ్చినది.

ఆ చిత్రము భరత్‌పురమున తీసినది. ఢిల్లీకి సుమారు 180 కిలోమీటర్లు. ఆగ్రా చూచి వచ్చిన మనవారిలో చాలమంది దానికి అంత చేరువలో నున్న ఈ కేవలాదేవ్ జాతీయోద్యానమును చూచి యుండరు. నడుమ నున్న శివాలయమును బట్టి ఆ పేరు వచ్చినది. వైశాల్యము 29 చదరపు కిలోమీటర్లు మాత్రమే. అందలి నీరు తనంతట తాను నిలిచినది కాదు. 18వ శతాబ్దములో భరత్‌పుర పాలకులు కట్టించిన అజాన్ కట్టనుండి తూముల ద్వారా పల్లములోనికి వదలిన నీరు. కొంగలు నీటి నడుమ నిలిచిన తుమ్మచెట్ల మీదనే గూళ్ళు కట్టును. ఆ నీరే వాటికి కోట చుట్టునున్న అగడ్త. నీరు రాని యేడు చెట్టు మొదట నేల తేలును, నక్కలకు, కుక్కలకు దారి దొరకును. 1981లో రామ్‌సర్ ఒడంబడిక జాబితాలోను, 1985లో ప్రపంచ వారసత్వ జాబితాలోను చేరిన ఈ చోటికే శీతకాలమున తెల్లని సైబీరియా బెగ్గురులు వచ్చుచుండెడివి. 2002 తరువాత అవి మరల కనబడలేదు.

ఆలయము దగ్గర రాతి ఫలకములున్నవి. వాటిపై చెక్కినది దేవుని స్తోత్రము కాదు, వేటల పద్దు. ఏ తేదీన ఏ ప్రభువు వచ్చినాడు, ఎన్ని పక్షులు కూలినవి అని మన కార్యాలయపు రిజిస్టరు వలె వరుసగా వ్రాసి యున్నది. వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు వచ్చిన 1938 నవంబరు 12వ తేదీ ఒక్కనాటి లెక్క 4,273. పెద్ద వేటలలో చివరిది 1964లో జరిగినది. మొదటిసారి ఆ అంకెలు చదివినప్పుడు, నా చేతిలో నున్నది తుపాకి కాదు గదా యని నేను పొందిన తృప్తి ఇప్పుడు తలచుకొన్న సిగ్గు వేయును.

2016 సెప్టెంబరు చివరి వారము. మా రిక్షా నడిపినవాడు నడివయస్సు సర్దారు. అక్కడ రిక్షావారే మార్గదర్శకులు. పక్షుల పేర్లు హిందీలోను, ఆంగ్లములోను తడుముకొనక చెప్పుదురు. కట్ట పొడవునను చెట్లమీద గూళ్ళే గూళ్ళు. పక్షులు రిక్షాను లెక్క చేయవు. అందులో కూర్చున్న మనిషిని కూడ రిక్షాలో ఒక భాగముగానే ఎంచునట్లున్నవి. నేల మీద కాలు మోపిన మనిషి సంగతి వేరు. “దిగవద్దు సాబ్” అని సర్దారు ముందే చెప్పినాడు.

పదకొండు గంటలైనను నాకు దొరికినవి కూర్చున్న కొంగలే. నా కెమెరాకు తగిలించినది ఒక సహోద్యోగి యొద్ద అడిగి తెచ్చుకొన్న 400 మిల్లీమీటర్ల లెన్సు. మరునాడు తిరిగి ఈయవలెను. సర్దారు తేనీటికై పోయిన సమయము చూచి దిగినాను. కట్ట వాలున నీటి అంచు వరకు పోయి, షట్టరు వేగము సెకనులో 2000వ వంతునకు త్రిప్పి, కెమెరా కంటికి ఆనించి, గట్టిగా కేక వేసినాను.

చెట్టు చెట్టే లేచినట్లయినది. వెలుతురు నా వెనుకనుండి పడుచున్నది. గులాబిరంగు ఈకలు, పసుపు ముక్కులు, నీలాకాశము. మీరందరు మెచ్చుకొన్న చిత్రము అదియే.

మీరు చూడనిది తరువాత జరిగినది. ఈ కొంగపిల్లలకు తొలి దినములలో ఒంటిమీద తెల్లని నూగు తప్ప మరేమియు ఉండదు. సెప్టెంబరు ఎండకు అవి తాళలేవు గనుక తల్లియో తండ్రియో రెక్కలు సగము విప్పి గొడుగు పట్టినట్లు గూటిమీద నిలబడును. వంతులు వేసుకొని ఆ పని చేయును. నేను లేపినది ఆ గొడుగులను. కొంగలు చెట్టు చుట్టును తిరుగుచున్నవి. ఇంకొక చిత్రము దొరకునేమో యని నేను కదలక నిలబడియున్నందున దిగుట లేదు. ఎంతసేపని అప్పుడు ఎరుగను. కెమెరా ప్రతి చిత్రమునకును కాలము నమోదు చేయును గనుక తరువాత లెక్క చూచుకొన్నాను. 11 నిమిషములు. ఆ లోపల రెండు కాకులు వచ్చినవి. ఒకటి ఒక గూటిలోని గుడ్డును పొడిచినది. రెండవది మరొక గూటినుండి ఒక పసికూనను మెడపట్టి లాగికొని పోయినది. లెన్సు పెద్దది గనుక అంతయు స్పష్టముగానే కనబడినది.

సర్దారు పరుగున వచ్చి నా చేయి పట్టుకొని వెనుకకు నడిపించినాడు. కోపపడలేదు. “సాబ్, మీకు సాయంకాలము ఇంటికి పోవుటకు రైలున్నది. దానికి ఈ చెట్టే యున్నది” అన్నాడు. తిరుగుదారిలో ఒక్క పక్షినైనను చూపలేదు. కూలికంటె అధికముగా ఇచ్చిన నూరు రూపాయలను తిరిగి నా చేతిలోనే పెట్టినాడు.

ఇంత జరిగినను ఆ చిత్రమును పోటీకి పంపినాను. బహుమతి వచ్చినది, పుచ్చుకొన్నాను. పటము కట్టించి ఇంటిలో గోడకు తగిలించినాను.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి పోయిన పిదప మా అమ్మను ఊరినుండి ఢిల్లీకి తీసికొని వచ్చినాను. ఆమె పుట్టినది శ్రీకాకుళము జిల్లాలో, తేలినీలాపురమునకు చేరువనే. ఆ ఊరి చెట్లమీద ఏటేట గూడబాతులును, ఈ కొంగలును గూళ్ళు కట్టును. అవి వచ్చినచో ఊరికి మేలని అక్కడి నమ్మకము. (సైబీరియానుండి వచ్చినవని పత్రికలలో తరచు వ్రాయుదురు గాని, ఈ రెండును మన దేశపు పక్షులే, నీటినిబట్టి ఒకచోటినుండి ఇంకొకచోటికి పోవుచుండును.) అమ్మ పటము ముందు నిలబడి చాలసేపు చూచినది. అంతవరకు చూచినవారందరు “ఎంత చక్కగా ఎగురుచున్నవి!” అన్నవారే. ఆమె మాత్రము, “మన తేలినీలాపురం కొంగలే గదరా ఇవి. ఏటి చూసి బెదిరిపోనాయి?” అన్నది.

నేను జవాబు చెప్పలేదు. పటము తీసి అటక మీద పెట్టినాను.

వెనుకటి రోజులలో గూటి దగ్గరకు పోక తప్పెడిది కాదు. 1949లో వెలువడిన ‘ఎ బర్డ్ ఫొటోగ్రాఫర్ ఇన్ ఇండియా’ గ్రంథకర్త లోథర్ మనవలెనే ఉద్యోగి, రైల్వేలో పనిచేసినవాడు. ఆనాటి బరువైన కెమెరాకు పక్షి తప్పక తిరిగి వచ్చు చోటు గూడొక్కటే. అందుచేత దాని యెదుట మరుగు కట్టుకొని గంటల కొలది లోపల కూర్చుండెడివారు. నేటి లెన్సులు దూరమునుండియే ఈకలను లెక్కింపనిచ్చును. అయినను మనము ఇంకను దగ్గరకు జరుగుటకే చూచుచున్నాము! గుడ్లు, పసికూనలు ఉన్న గూళ్ళను నేనిప్పుడు తీయను. వాటి చోటు ఎవరికిని చెప్పను. ఫోనులో కూత వినిపించి పక్షిని రప్పించుటయు మానినాను. తెల్లవారకముందే పోయి ఒకచోట కూర్చుందును. పక్షి మేత మాని మెడ నిక్కించినదన్న, ఈకలు దువ్వుకొనుట ఆపి నావైపే చూచుచున్నదన్న, నేను రెండడుగులు వెనుకకు పోవలెనని అర్థము. ఎగిరిన తరువాత తెలిసికొని లాభము లేదు. పది ఉదయములలో ఆరేడు వట్టివే పోవును. ఇంటిలో ఇందునకు జరుగు సన్మానము గురించి ఈ సభలో చెప్పబోను, శ్రీమతి మూడవ వరుసలో ఉన్నారు.

ముఖపత్రమునకు మరియొక చిత్రము ఇచ్చినాను. అదియు భరత్‌పురమే, జనవరి ఉదయము, మంచు, రిక్షా దిగకుండ తీసినది. గడ్డి మైదానము చివర సారసపు జంట. ఒకటి తల వంచి మేయుచున్నది, రెండవది కన్ను మూసి ఒంటికాలిపై నిలబడి యున్నది. పక్షులు మరీ చిన్నవిగా నున్నవి, చుట్టును కత్తిరించి పెద్దవి చేయుదుమా యని సంపాదకులవారు అడిగినారు. అవి ఎంత దూరమున ఉన్నవో అంత దూరముననే ఉండనిండని మనవి చేసినాను. వారు ఇంకను ఆలోచించుచున్నారు.