చికాగో గది పటం: అమెరికా నల్లజాతి ఉద్యమాల్లో ప్రభుత్వ వేగులు
(కె.జి. కన్నబిరాన్ స్మారకోపన్యాసం)

కుట్రకేసుల్లో పోలీసు కథనమే సాక్ష్యంగా చలామణీ కావడాన్ని దశాబ్దాల పాటు కోర్టుల్లో ఎదిరించిన న్యాయవాది స్మృతిలో ఏర్పాటైన ఈ సభకు, అమెరికా నల్లజాతి ఉద్యమాల్లోకి ప్రభుత్వం చొప్పించిన వేగుల చరిత్ర తగిన విషయమే. తెలుగునాట కోవర్టు అనే ఈ మనిషిని అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఇన్‌ఫార్మర్ అంటుంది. అతడు ఆ సంస్థ ఉద్యోగి కాదు, డబ్బు కోసమో, మెడ మీదున్న కేసు తప్పించుకోవడానికో లోపలి సంగతులు చేరవేసే ఉద్యమ సభ్యుడు.

1822లో చార్ల్‌స్టన్‌లో డెన్మార్క్ వెసీ తలపెట్టిన బానిసల తిరుగుబాటు యత్నం తోటివారి సమాచారంతో ముందే బయటపడటం, 1919 తర్వాత నల్లజాతి నాయకుడు మార్కస్ గార్వీ సంస్థలోకి నల్లజాతి ఏజెంటు జేమ్స్ వార్మ్‌లీ జోన్స్ చేరడం సభికులకు తెలిసినవే కనుక వాటి దగ్గర ఆగనక్కరలేదు. 1956లో కమ్యూనిస్టు పార్టీపై మొదలై, 1967 ఆగస్టులో నల్లజాతి సంస్థల మీదికి మళ్లిన కోఇంటెల్‌ప్రో, అంటే కేసు పెట్టి శిక్షించడానికి కాక సంస్థను లోపలి నుంచే ఛిన్నాభిన్నం చేయడానికి నడిపిన రహస్య కార్యక్రమం, అసలు పరిశీలించవలసిన ఘట్టం.

చికాగోలో కారు దొంగతనం కేసులో దొరికిపోయిన విలియం ఓనీల్‌ను, కేసు లేకుండా చేస్తానన్న ఆశ చూపి, ఎఫ్‌బీఐ ఏజెంటు రాయ్ మిచెల్ నల్లజాతి విప్లవ సంస్థ అయిన బ్లాక్ పాంథర్ పార్టీలోకి పంపాడు. ఇరవై ఏళ్లైనా నిండని ఆ యువకుడు ఇల్లినాయ్ శాఖలో భద్రతా బాధ్యుడయ్యాడు. వేగులను కనిపెట్టవలసిన పని వేగు చేతికే వచ్చింది. శాఖ నాయకుడు ఫ్రెడ్ హాంప్టన్ అప్పటికే ప్యూర్టోరికన్లతో, పేద తెల్లవారితో ఐక్యసంఘటన కడుతున్నాడు. 1969 నవంబరులో ఓనీల్ సమాచారంతో తయారైన పటంలో మన్రో వీధి 2337 నంబరు ఇంటి గదులతో పాటు హాంప్టన్ పడుకునే మంచం ఎక్కడుందో కూడా గుర్తించి ఉంది. ఆ పటం ఎఫ్‌బీఐ నుంచి స్థానిక ప్రాసిక్యూటర్ కార్యాలయపు పోలీసులకు చేరింది. డిసెంబరు 4 తెల్లవారుజామున 14 మంది పోలీసులు జరిపిన దాడిలో 21 ఏళ్ల హాంప్టన్, 22 ఏళ్ల మార్క్ క్లార్క్ చనిపోయారు. పోలీసులు 82 నుంచి 99 తూటాలు కాల్చారనీ, లోపలివారు కాల్చినట్టు ఆధారం దొరికింది ఒక్క తూటాకేననీ ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ 1970లో తేల్చింది. దాడి జరిగిన కొద్ది రోజులకే ఓనీల్‌కు 300 డాలర్ల బోనస్ మంజూరైంది.

ఈ సందర్భంలో పండితుల మధ్య నడిచిన ఒక వాదాన్ని ప్రస్తావించక తప్పదు. పాంథర్లకు తొలి తుపాకులు సమకూర్చిన రిచర్డ్ ఆవోకీ ఎఫ్‌బీఐ ఇన్‌ఫార్మర్ అని 2012లో పాత్రికేయుడు సెత్ రోజెన్‌ఫెల్డ్ ప్రకటించగా, ఆవోకీ జీవితచరిత్ర రాసిన డయాన్ ఫుజినో ఆ ఆధారాలు చాలవని వాదించారు. అతడు వేగా కాదా అన్న ప్రశ్న చుట్టూనే ఇరుపక్షాల అనుయాయులూ తిరగడం విచారకరం. దస్తరంలో పేరూ నంబరూ ఉంటే ఆ వ్యక్తిని ఎఫ్‌బీఐ తన మనిషిగా నమోదు చేసుకుందని రుజువవుతుంది. అతడు ఏమి చెప్పాడో, ఏమి దాచాడో, ఎవరికి హాని జరిగిందో దానివల్ల రుజువు కాదు. ఏజెంటు తన పై అధికారిని మెప్పించడానికి నివేదిక రాస్తాడు, అడిగినదే చెబితే డబ్బు వస్తుందని వేగుకు తెలుసు. ఇలా రెండు అవసరాల మధ్య పుట్టిన కాగితాన్ని చరిత్రకారుడు యథాతథంగా స్వీకరిస్తే ఎఫ్‌బీఐ పని చనిపోయినవారి విషయంలోనూ కొనసాగుతుంది. ఓనీల్ విషయంలో దస్తరం ఒక్కటే ఆధారమైతే ఇంత నిశ్చయంగా మాట్లాడే వీలుండేది కాదు. బతికి బయటపడినవారూ మృతుల కుటుంబాలూ వేసిన దావాలో ప్రమాణ వాంగ్మూలాలు నమోదయ్యాయి, చివరికి 1982లో 18.5 లక్షల డాలర్ల పరిహారానికి ఒప్పందం కుదిరింది.

సమయాభావం వల్ల తక్కిన దశలను సూచించడమే సాధ్యం. 1971 మార్చి 8 రాత్రి పెన్సిల్వేనియాలోని మీడియా పట్టణంలో ఎఫ్‌బీఐ కార్యాలయం నుంచి కొందరు పౌరులు దస్తరాలు ఎత్తుకెళ్లి పత్రికలకు పంపడంతో కోఇంటెల్‌ప్రో పేరు బయటికొచ్చింది, మరుసటి నెలలో ఆ కార్యక్రమం అధికారికంగా ఆగింది. 1975-76లో సెనేట్ చర్చ్ కమిటీ ఈ కార్యక్రమంపై విచారణ జరిపింది; 1976లో అటార్నీ జనరల్ ఎడ్వర్డ్ లెవీ ఎఫ్‌బీఐ దర్యాప్తులకు హద్దులు పెట్టాడు, అయితే అవి చట్టం కాదు, శాఖాపరమైన మార్గదర్శకాలు మాత్రమే కనుక తర్వాత వచ్చినవారు వాటిని సడలించగలిగారు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత న్యూయార్క్ పోలీసులు మసీదుల్లోకి వేగులను పంపారు. నేరం జరిగిందనడానికి నిర్దిష్ట ఆధారమేదీ లేకపోయినా, ‘అసెస్‌మెంట్’ అనే ప్రాథమిక పరిశీలన దశలోనే ఇన్‌ఫార్మర్లను వాడుకోవడానికి 2008 మార్గదర్శకాలు ఎఫ్‌బీఐకి అనుమతినిచ్చాయి.