లేనిదాన్ని చూసే కణం

పట్టా పుచ్చుకుంటున్న పిల్లలూ, తెలుగులో మాట్లాడతానంటే ప్రిన్సిపాల్ గారు వెంటనే సరేనన్నారు. మన పక్కనున్న తిరుత్తణి 1960 దాకా ఆంధ్రలోని చిత్తూరు జిల్లాలోదేగా!

ఒకసారి ఎడమ భుజం తడుముకోండి. చిన్న మచ్చ తగులుతుంది. బీసీజీ టీకాది. అది క్షయను నిజంగా ఆపుతుందా అని తేల్చడానికి మహా పెద్ద పరీక్ష పెట్టింది ఈ తిరువళ్ళూరు చుట్టుపక్కలే. అప్పట్లో ఇది చెంగల్పట్టు జిల్లా. 1968లో మొదలుపెట్టి 209 ఊళ్లలో రెండున్నర లక్షల మందికి పైగా సూది వేశారు. కొందరికి టీకా, కొందరికి ఉత్త ద్రవం. ఎవరికేది పడిందో వేసినవాళ్లకే తెలియదు. పదిహేనేళ్లు ఇల్లిల్లూ తిరిగి కఫం పరీక్షించారు, ఎక్స్‌రేలు తీశారు. చివరికి తేలింది: పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదు. పిల్లల్లో మాత్రం కొద్దిపాటి రక్షణ కనిపించింది, నూటికి 27 పాళ్లు. చేదు ఫలితమే, అయినా దాచకుండా అచ్చేశారు. పసిపిల్లలకు వచ్చే మెదడు క్షయను అడ్డుకుంటుంది కాబట్టి పుట్టగానే ఆ టీకా ఇప్పటికీ వేస్తున్నాం.

ఇప్పుడు మరో సంగతి. 1975లో స్టాక్‌హోమ్‌లో కీస్లింగ్, ఎవా క్లైన్, విగ్జెల్ ఒక తెల్లకణం గురించి రాశారు. ముందు పరిచయం లేకుండానే క్యాన్సర్ కణాన్ని చంపేస్తోంది. నేచురల్ కిల్లర్ అని పేరు పెట్టారు. ఎలా గుర్తుపడుతుందన్నది చాన్నాళ్లు అంతుపట్టలేదు. 1980లలో కారే అనే ఆయన విప్పిన చిక్కు నాకు భలే ఇష్టం: అది శత్రువు ముఖం చూడదు, మనవాళ్ల గుర్తు ఉందా లేదా అని చూస్తుంది.

తిరుత్తణి లోకల్లో ఎక్కే టీసీని తలచుకోండి. ఆయనకు మీ ముఖంతో పనిలేదు, పాస్ కావాలి. మన కణాల ఒంటిమీదా అలాంటి పాస్ ఉంటుంది, ఎమ్‌హెచ్‌సీ. టీ కణాలనే వేరే తెల్లకణాలకు దొరక్కూడదని కొన్ని వైరస్‌లు ఆ పాస్‌నే దాచేస్తాయి. సరిగ్గా అక్కడే ఈ టీసీకి దొరికిపోతాయి. అయితే పాస్ లేదని ఊరికే చంపడు. ఎర్ర రక్తకణానికీ పాస్ ఉండదు, దాని జోలికి పోడు. ఆపదలో ఉన్నానన్న సంకేతం కూడా కనబడాలి. అప్పుడు ఆ కణానికి అతుక్కుంటాడు. లోపలి రేణువులన్నీ అతుకు వైపుకు జరుగుతాయి. పెర్ఫోరిన్ కన్నం పెడుతుంది, గ్రాంజైమ్‌లు దూరతాయి, ఆ కణం గోల లేకుండా కూలుతుంది.

ఈ రెండు కథలూ ఒకచోట కలిశాయి. పెద్దవాళ్ల క్షయ దగ్గర ఓడిన బీసీజీని 1970ల నుంచి మూత్రాశయ క్యాన్సర్‌కు మందుగా వాడుతున్నారు. ఎలుకల్లో నేచురల్ కిల్లర్ కణాలను తీసేస్తే ఆ మందు పనిచేయలేదు. 2014లో డచ్చివాళ్లు ఇంకో మాట కలిపారు: బీసీజీ వేయించుకున్నవారిలో ఈ కణాలు వేరే క్రిములు ఎదురైనా ముందుకన్నా గట్టిగా స్పందిస్తున్నాయి. "పనిచేయలేదు" అన్న ఫలితాన్ని చెత్తబుట్టలో వేయకూడదని నేను నేర్చుకున్నది ఇక్కడే.

రేపు మీ ఓపీకి అరవై, డెబ్భై ఏళ్ల పెద్దవాళ్లు వస్తారు. ఆ 209 ఊళ్ల మనుషులూ వాళ్లలో ఉంటారు. బీపీ పట్టీ చుట్టేటప్పుడు ఆ భుజం చూడండి. మచ్చ ఉన్నా, లేకపోయినా, చిన్నప్పుడు ఆ సూది వేయించుకున్నారా అని అడగండి.