ఓడిన మర్నాడు

 

ఈ రోజు పట్టాలు అందుకున్న మీకు గ్రేస్ మెకార్తీ అనే రాజకీయ నాయకురాలి గురించి చెప్పాలనుకుంటున్నాను. కెనడా పడమటి అంచున, పసిఫిక్ ఒడ్డున ఉన్న బ్రిటిష్ కొలంబియా ఆమె రాష్ట్రం. వాళ్లు దాన్ని ప్రావిన్స్ అంటారు, ముఖ్యమంత్రిని ప్రీమియర్ అంటారు. ఆమె 1927లో వాంకూవర్ నగరంలో పుట్టారు. పదిహేడేళ్లకు, రెండో ప్రపంచయుద్ధం ఇంకా ముగియకముందే, ఆ ఊళ్లో పూలకొట్టు పెట్టారు. అది పెరిగి పెరిగి అయిదు దుకాణాలైంది.

పూల వ్యాపారం ఎలాంటిదో మన కడియం రైతులనడిగితే చెబుతారు. సరుకు రేపటికి నిలవదు. పెళ్లికి పంపాల్సిన పూలు ఒక్క గంట ఆలస్యమైతే ఆ ఇంటివాళ్లు మళ్లీ మన గడప తొక్కరు. చావింటికి పూలు పంపేటప్పుడు మాట్లాడే తీరు వేరు. ఊళ్లో ఎవరింట శుభం, ఎవరింట అశుభం అన్నది పూలకొట్టుకు ముందే తెలుస్తుంది. ఆమె నేర్చుకున్న రాజకీయంలో సగం అక్కడిదేనని నా నమ్మకం.

1960లో ఆమె నెగ్గిన మొదటి ఎన్నిక వాంకూవర్ పార్కుల బోర్డుది. పార్కులు, ఆటస్థలాలు చూసుకునే చిన్న సభ అది. ఆరేళ్ల తర్వాత, 1966లో, సోషల్ క్రెడిట్ పార్టీ తరఫున శాసనసభకు వెళ్లారు. ప్రీమియర్ డబ్ల్యూ.ఎ.సి. బెనెట్ వెంటనే మంత్రివర్గంలోకి తీసుకున్నారు.

ఇంతవరకూ చాలామంది నాయకుల కథే. నేను మిమ్మల్ని ఆగి చూడమనేది 1972 దగ్గర. ఇరవై ఏళ్లుగా పాలించిన పార్టీ ఆ ఏడాది కూలిపోయింది. న్యూ డెమొక్రటిక్ పార్టీ గెలిచింది. గ్రేస్ కూడా ఓడిపోయారు. పూలకొట్ల పని చూసుకుంటూ హాయిగా బతకగలిగిన మనిషి. ఆమె చేసిందేమిటంటే, మర్నాటి నుంచి మళ్లీ జనంలోకి వెళ్లారు. 1973లో పార్టీ అధ్యక్షురాలై, ఊరూరా తిరిగి సభ్యులను చేర్పించారు. కొద్ది వేలకు పడిపోయిన సభ్యత్వం 70 వేలు దాటింది. ఆ కాలంలో ఆ రాష్ట్ర జనాభా పాతిక లక్షలకు అటూ ఇటూ. ఎన్ని తలుపులు తట్టి ఉండాలో ఊహించండి. టీవీ వార్తల్లో రాని పని, ఫోటోలు లేని పని. 1975 డిసెంబరులో పార్టీ తిరిగి అధికారంలోకి వచ్చింది. కొత్త ప్రీమియర్ బిల్ బెనెట్ ఆమెను ఉపప్రీమియర్‌ను చేశారు. కెనడాలో ఆ పదవి పొందిన తొలి మహిళ ఆమే.

మీలో కొందరు పై చదువులకు వాంకూవర్ వెళతారు. రాత్రివేళ లయన్స్ గేట్ వంతెన దీపాలు చూడండి. 1938లో ఆ వంతెన కట్టించిన గిన్నెస్ కుటుంబాన్నే ఆమె అడిగి, 1986లో ఆ దీపాలు కానుకగా పెట్టించారు. ఊరివాళ్లు వాటిని గ్రేసీ హారం అంటారు. అదే ఏడాది వాంకూవర్‌లో జరిగిన ఎక్స్‌పో ప్రపంచ ప్రదర్శన రావడంలోనూ ఆమె చేయి పెద్దది.

మెచ్చుకుని ఆపేస్తే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. 1978 నుంచి ఆమె చేతిలో సంక్షేమ శాఖ ఉండేది. 1983లో ప్రభుత్వం పొదుపు పేరుతో ఖర్చులు తెగ్గోసినప్పుడు, కష్టాల్లో ఉన్న కుటుంబాల ఇళ్లకు వెళ్లి తోడ్పడే ఉద్యోగుల పథకం ఆమె శాఖలోనే రద్దయింది. దుకాణంలో ఖర్చు తగ్గిస్తే లాభం మిగులుతుంది. ప్రభుత్వంలో అదే పని చేస్తే ఆ భారం ఏదో ఒక ఇంట్లో తల్లి మీద పడుతుంది. ఆమె మీద నాకున్న గౌరవం అక్కడ సన్నగిల్లుతుంది. వాణిజ్యశాస్త్రం పట్టాతో బయటికి వెళుతున్నవాళ్లు ఈ తేడాను గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

దానికి మూడేళ్ల ముందు జరిగింది మరొకటి ఉంది. స్పల్లంచీన్ అనే ఆదివాసీ సమూహం నుంచి ప్రభుత్వం సంక్షేమం పేరిట పిల్లలను తీసుకెళ్లి పరాయి ఇళ్లలో పెంచేది. తమ పిల్లల మంచిచెడ్డలు తామే చూసుకుంటామని ఆ సమూహం 1980లో సొంత చట్టం చేసుకుంది. ఆ అక్టోబరులో వాళ్ల నాయకుడు వేన్ క్రిస్టియన్ వెంట వందలాది ఆదివాసీలు వాంకూవర్ చేరి, ఊరేగింపుగా నేరుగా మంత్రి ఇంటికి వెళ్లారు. గ్రేస్ వాళ్లతో మాట్లాడారు. ఆ చట్టాన్ని గౌరవిస్తామని కాగితం మీద సంతకం పెట్టారు. ఆ పోరాటం, ఆ గెలుపు ఆదివాసీ తల్లులవి. మన మన్యంలో పుట్టి ఈ హాలులో కూర్చున్న పిల్లలు ఈ సంగతి చదవాలని నా కోరిక.

ఆమె ఇంకా చాలాసార్లు ఓడారు. 1986లో పార్టీ నాయకత్వానికి పోటీపడి బిల్ వాండర్ జాల్మ్ చేతిలో ఓడారు. ఎక్స్‌పో స్థలం అమ్మకంలో ప్రీమియర్ కార్యాలయం జోక్యం నచ్చక 1988లో ఆయన మంత్రివర్గం నుంచి తప్పుకున్నారు. పదవి వదులుకోవడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం మన దగ్గర కూడా అరుదే. 1991లో మళ్లీ నాయకత్వానికి నిలబడి రీటా జాన్‌స్టన్ చేతిలో స్వల్ప తేడాతో ఓడారు. పార్టీ శిథిలమయ్యాక 1993లో నాయకత్వం నెత్తిన వేసుకుని, 1994 ఉపఎన్నికలో 42 ఓట్ల తేడాతో ఓడిపోయారు. అప్పటికి ఆమెకు అరవై ఆరేళ్లు. మరుసటి ఏడాదే, పేగు, కాలేయ జబ్బులతో బాధపడే పిల్లల వైద్య పరిశోధన కోసం మరికొందరితో కలిసి ఒక సంస్థ పెట్టారు. చివరి ఇరవై ఏళ్లూ దానికి విరాళాలు పోగుచేశారు.

పార్కుల బోర్డు సంగతి మళ్లీ ఎత్తుతున్నాను, ఎందుకంటే అలాంటి మొదటి మెట్టు మీకు అందుబాటులోనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలకు రిజర్వు చేశారు. అయినా మన ఊళ్లలో చాలాచోట్ల సంతకం మహిళా సర్పంచిది, మాట భర్తది. రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పటివరకు ఒక్క మహిళ ముఖ్యమంత్రి కాలేదు. అమ్మాయిలూ, ఇరవై ఒక్క ఏళ్లు నిండితే వార్డుకు నామినేషన్ వేయవచ్చు. ఉద్యోగమో వ్యాపారమో చేసుకోండి, తప్పకుండా చేసుకోండి. మీ ఊళ్లో ఎన్నికలొచ్చినప్పుడు మాత్రం మీ పేరు మీరే రాసి ఇవ్వండి. గెలిస్తే ఆ కుర్చీలో మీరే కూర్చోండి. ఓడితే మర్నాడు అదే వీధిలోకి వెళ్లండి. అబ్బాయిలూ, మీ అక్కచెల్లెళ్లు పోటీకి దిగితే మీరు వాళ్ల తరఫున ఇల్లిల్లూ తిరగండి.