కొండ దీవి అయిన కథ



చరిత్ర చెప్పిన మాస్టారి పేరిట మాట్లాడమన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది నాగార్జునకొండే. ఏటా పిల్లల్ని లాంచీ ఎక్కించి ఆయన అక్కడికే తీసుకెళ్లేవారు.

విజయపురి సౌత్‌లో లాంచీ కదిలాక చుట్టూ నల్లమల కొండలు, నడుమ కృష్ణమ్మ. కాసేపటికి ఎదురుగా పచ్చటి దీవి కనిపిస్తుంది. ఒకప్పుడు అది లోయలో నిలిచిన కొండ. ఆ లోయకు మూడు వైపులా కొండలు, నాలుగో వైపు నది కాపలా కాసేవి. క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలిసింది అక్కడే.

ఆ వంశానికి ఆద్యుడు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. ఆయన సోదరి శాంతిశ్రీ బౌద్ధ మహాచైత్యాన్ని నిలబెట్టింది. ఒకే ఇంట్లో రెండు ధర్మాలు దీపాలు వెలిగించుకున్నాయి. బోధిశ్రీ అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆమె శాసనంలో కశ్మీరం, గాంధారం, చీనా, తామ్రపర్ణి పేర్లు కనిపిస్తాయి. ఆ లోయలో కూర్చున్నవారికి లోకం ఎంత దగ్గరో చూడండి! నదికి స్నానఘట్టాలు, జనం కూర్చుని వేడుకలు చూసేందుకు మెట్ల రంగస్థలం కూడా ఉండేవి.

ఇక్ష్వాకుల తర్వాత ఆ వైభవమంతా మట్టి దిబ్బల కింద నిద్రపోయింది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు ఒక పాత స్తంభాన్ని చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. ఆ కబురు అందాకే శాసన పరిశోధకులు వచ్చారు, పురావస్తు అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపారు. ఈ కథ చెప్పిన ప్రతిసారీ మాస్టారి గొంతు జీరబోయేది.

తర్వాత కృష్ణ మీద నాగార్జునసాగర్ ఆనకట్ట వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. నీళ్లు వచ్చేలోగా లోయను చదివి ముగించాలి. 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో అక్కడ గునపాలు ఆగలేదు. రాతియుగపు పనిముట్ల నుంచి మధ్యయుగాల ఆనవాళ్ల దాకా బయటపడ్డాయి. మహాచైత్యం, సింహళ విహారం వంటి కొన్ని కట్టడాలను కొండ మీదికి చేర్చారు. విహారం తీరున కట్టిన మ్యూజియంలో పలనాటి సున్నపురాతి శిల్పాలు కొలువుదీరాయి. మరికొన్ని కట్టడాల రూపాలు ఒడ్డున ఉన్న అనుపులో నిలిచాయి. మిగిలిందంతా నీటిపాలైంది, కొండ దీవి అయింది. లోయలోని పల్లెలూ పొలాలూ వదిలి జనం వెళ్లిపోయారు.

1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. ఆ నీటితో పండిన అన్నం ఈ సభలో తినని వారుండరు. మన పంట కోసం ఒక నగరం మునిగింది, కొన్ని ఊళ్లు మునిగాయి. ఆ రుణం తీరేది కాదు, మరవకూడనిది.

మాస్టారికి మనం చేయగల నివాళి ఒకటుంది. మన చెరువు గట్టున చాకిరేవు బండగా పడివున్న చెక్కుడు రాయిని ఒకసారి తిరగేసి చూద్దాం. దాని మీద అక్షరం కనిపిస్తే, ఆ పంతులుగారిలా నలుగురికీ కబురు చేద్దాం.