వార్డులో మీకో పని ఉంది



పట్టాలు అందుకున్న మీతో ఇవాళ నేను ఆసుపత్రిలో మంచం పట్టిన పెద్దవాళ్ల గురించి మాట్లాడదలచుకున్నాను.

డెబ్బై దాటిన మనిషి తుంటి ఎముక విరిగో, న్యుమోనియాతోనో వార్డులో చేరతారు. నిన్నటిదాకా నిక్షేపంగా మాట్లాడిన ఆ మనిషే రెండో రాత్రికి సెలైన్ పీకేస్తారు, ఎప్పుడో పోయినవాళ్లను పిలుస్తారు, కన్నకొడుకునే ఎవరు నువ్వని అడుగుతారు. ‘వయసైపోయింది, మతి పోయింది’ అని ఇంటివాళ్లు సరిపెట్టుకుంటారు. వైద్యులు దీన్ని డెలీరియం అంటారు. ఏళ్ల తరబడి ముదిరే మతిమరుపు జబ్బు వేరు. ఇది గంటల్లో, రోజుల్లో వచ్చిపడుతుంది. కొందరిలో గొడవేమీ ఉండదు, మత్తుగా పడుంటారు. అలాంటివాళ్లను గుర్తించడం మరీ కష్టం.

దీన్ని కొంతవరకు ముందే ఆపవచ్చని చూపించినవారు అమెరికా వైద్యురాలు షారన్ ఇనౌయే. యేల్-న్యూ హేవెన్ ఆసుపత్రిలో డెబ్బై ఏళ్లు, ఆపై వయసున్న 852 మందితో చేసిన అధ్యయనాన్ని ఆమె బృందం 1999లో ప్రచురించింది. మామూలు చికిత్స పొందినవారిలో 15 శాతం మందికి డెలీరియం వస్తే, ప్రత్యేక శ్రద్ధ అందినవారిలో 9.9 శాతం మందికే వచ్చింది. ఆ శ్రద్ధలో చాలా భాగం శిక్షణ పొందిన వాలంటీర్ల చేతులమీదుగా జరిగింది. ఈ రోజు ఏ వారమో, నర్సు పేరేమిటో బోర్డు మీద రాసి చెప్పారు. కళ్లజోడు పెట్టారు. మంచం దింపి నడిపించారు. నీళ్లు తాగించారు. రాత్రి నిద్ర పట్టకపోతే మాత్రకు బదులు వేడి పాలు ఇచ్చి, వీపు మర్దన చేశారు. అయితే ఒకసారి డెలీరియం వచ్చాక దాని తీవ్రతను ఈ పద్ధతి తగ్గించలేకపోయింది. కాబట్టి సాయం మొదటి రోజునుంచే అందాలి.

మన దగ్గర రోగి పక్కన అటెండెంట్ ఉంటారు కదా అనవచ్చు. ఉంటారు. మందుల కోసం, రిపోర్టుల కోసం, ఆరోగ్యశ్రీ కౌంటర్ దగ్గర సంతకాల కోసం తిరగాల్సింది కూడా ఆ ఒక్కరే. పోతుందేమోనన్న భయంతో కళ్లజోడు సంచి అడుగున దాస్తారు. వినికిడి మిషను ఇంట్లోనే ఉండిపోతుంది. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది మరొకటుంది. మాటిమాటికీ బాత్రూముకు పట్టుకెళ్లమని కోడల్ని ఎలా అడగాలన్న మొహమాటంతో పెద్దావిడ నీళ్లు తాగడమే మానేస్తుంది. నోరు ఎండిపోతున్నా ‘దాహం లేదమ్మా’ అంటుంది. ఒంట్లో నీరు తగ్గడం డెలీరియానికి దారితీసే కారణాల్లో ఒకటి. పక్కన కూర్చుని, గ్లాసు అందించి, మొహమాటపడకుండా అడగమని చెప్పే మనిషి ఒకరుంటే చాలు.

ఆ మనిషి మీరు కావచ్చు. అందుకు కొన్ని కట్టుబాట్లున్నాయి. నర్సును అడగకుండా ఏదీ తినిపించకూడదు, తాగించకూడదు. మింగలేనివారికి అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మందులు మీ పని కాదు. పడిపోయే ప్రమాదమున్నవారిని మీరొక్కరే నడిపించకూడదు. చెవిలో అరవకుండా, ఎదురుగా కూర్చుని మీ ముఖం కనబడేలా నిదానంగా మాట్లాడాలి. ‘బెడ్ నంబర్ ఏడు’ అనకుండా పేరు పెట్టి, గారు చేర్చి పిలవాలి. నిన్న బాగా మాట్లాడినవారు ఇవాళ తడబడుతుంటే వెంటనే నర్సుకు చెప్పాలి. ఆ తేడాను కనిపెట్టడం తరచూ వచ్చే మనిషికి తేలిక.

గాంధీజీ శతజయంతి ఏడాది, 1969లో మొదలైన జాతీయ సేవా పథకంలో మీలో చాలామంది రెండేళ్లకు 240 గంటలు పనిచేశారు. మొక్కలు నాటారు, రక్తదాన శిబిరాలు పెట్టారు. సేవ మీకు కొత్త కాదు.

మీ ఊరి ప్రభుత్వాసుపత్రి సూపరింటెండెంటును కలవండి. నలుగురు స్నేహితులు కలిసి, వంతులవారీగా వస్తామని చెప్పండి. పని ఎలా చేయాలో ముందుగా నర్సుల దగ్గర నేర్చుకోండి. వస్తానన్న రోజున తప్పకుండా వెళ్లండి.