అక్షరము నిలిపిన ఆటగాడు



గ్రంథాలయ రజతోత్సవ సభలో ఒక ఆటగాని కథ చెప్పుట కొందఱికి వింతగా తోచవచ్చును. కథ ముగిసిన పిమ్మట కారణమును మీరే గ్రహింతురు.

జోష్ గిబ్సన్ 1911 డిసెంబరు 21వ తేదీన అమెరికాలోని జార్జియా రాష్ట్రమున ఒక నల్లజాతి కుటుంబములో జన్మించెను. తండ్రి ఉక్కు కర్మాగారములో పని సంపాదించి కుటుంబమును పిట్స్‌బర్గు నగరమునకు రప్పించెను. అచటనే బాలునకు బేస్‌బాల్ అబ్బెను. అదియు క్రికెట్ వలె బ్యాటుతో బంతిని కొట్టు ఆట.

ఆ కాలమున తెల్లవారి పెద్ద లీగులలో నల్లవారికి ప్రవేశము లేదు. కాగితముపై వ్రాసిన నిషేధము కాదది. యజమానుల లోపాయికారీ కట్టుబాటు. అందుచే 1920లో రూబ్ ఫాస్టర్ నాయకత్వమున నీగ్రో నేషనల్ లీగు వెలసెను. గిబ్సన్ 1930 మొదలుకొని హోమ్‌స్టెడ్ గ్రేస్, పిట్స్‌బర్గు క్రాఫర్డ్స్ జట్లలో ఆడెను. నేడొక ఊరు, ఱేపొక ఊరు. నల్లవారికి గది యియ్యని హోటళ్లు పెక్కు. అయినను అతడు కొట్టిన బంతి ప్రహరీ దాటుచుండగా జనులు కన్నులార్పక చూచెడివారు.

1947 జనవరి 20న, 35వ యేట, అతడు కన్నుమూసెను. మూడు నెలలు నిండకముందే, ఏప్రిల్ 15న, జాకీ రాబిన్సన్ పెద్ద లీగులో అడుగిడెను. గిబ్సన్ సమాధికి మాత్రము ఏండ్లతరబడి పేరు చెక్కిన రాయియైనను లేకుండెను.

1972లో అతనికి కీర్తిమందిరమున స్థానము లభించెను. అచటి ఫలకముపై దాదాపు 800 హోమ్‌రన్నులని చెక్కిరి. కాని ఆధారమేది? పెద్ద పత్రికలు ఆ ఆటలను అంతగా పట్టించుకొనలేదు. పిట్స్‌బర్గు కొరియర్ వంటి నల్లవారి పత్రికలు వ్రాసినవి. పరిశోధకులు ఆ పాత సంచికలను తిరుగవేసి ఒక్కొక్క ఆట లెక్కను ఏర్చికూర్చిరి. ఆ కృషి ఫలితముగ 2024 మే నెలలో ఆ లెక్కలు అధికార పట్టికలలో చేరినవి. గిబ్సన్ సగటు .372, అనగా వేయింట 372 మారులు సఫలుడయ్యెనన్నమాట. అంతవరకు ప్రథమస్థానముననున్న టై కాబ్ సగటు .367 మాత్రమే.

అయినను లీగు ఆటలలో దొరికిన హోమ్‌రన్నులు రెండువందలకు లోపే. ఊరూర ఆడిన తక్కిన ఆటలలో పెక్కింటిని ఎవరును వ్రాయలేదు. వ్రాయనిది లెక్కకు రాలేదు.

సోదరులారా! మన బీరువాలలోని పాత పత్రికలను తూకమునకు అమ్మి చోటు చేసికొందమని అప్పుడప్పుడు మనమే అనుకొందుము. అమ్ముటకు ముందు ఒక్క క్షణము ఆలోచింపుడు. ఎవనికి రావలసిన న్యాయము ఏ పుటలో వేచియున్నదో ఎవరెఱుగుదురు?