పటాలపు బిళ్ళలు - వానిని గుర్తించు విధము



గుత్తి, గుంతకల్లు, బళ్ళారి ప్రాంతములలో పాత ఇత్తడిని తూకమునకు కొను వర్తకుల గోతములలో, సొట్టపోయిన చెంబుల నడుమ, అప్పుడప్పుడొక చిన్న బిళ్ళ కనబడుచుండును. దానిమీద ఒక కిరీటము, ఒక అంకె, ఒక ఏనుగో సింహమో చెక్కబడి యుండును. వర్తకునకది కొద్దిపాటి ఇత్తడి మాత్రమే. కంచరి మూసలో కరగి అది గిన్నెయగును, గంటయగును. కరువు సంవత్సరములలో ఇంటి సామాను అమ్ముకొను అలవాటు ఈ జిల్లాకు క్రొత్త గాదు గనుక, ఇట్టి బిళ్ళలు పోయినన్ని పోయినవి. మిగిలిన కొద్దివాటినైనను కరగింపక ముందు చదువుట యెట్లో తెలుపుటయే ఈ ప్రసంగమున కుద్దేశము.

ఈ బిళ్ళలకును ఈ సీమకును గల సంబంధము కేవలము యాదృచ్ఛికము కాదు. 1800 సంవత్సరమున నిజాము ఈ ప్రాంతమును ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసినది దేనికొరకు? తన రాజ్యరక్షణకై కంపెనీవారు నిలుపు పటాలముల ఖర్చునకే. దత్తమండలములను పేరట్లు వచ్చినది. అనగా నేలకు శిస్తు గట్టిన రైతు ఆ పటాలమునకు జీతమిచ్చినవాడు, ఆ బిళ్ళకు వెల చెల్లించినవాడు. ఆ శిస్తు నిర్ణయించిన థామస్ మన్రో దొరయు మొదట మద్రాసు సైన్యమున చేరిన సైనికుడే. బళ్ళారి ఆనాడు పెద్ద దండుస్థలము. 1882లో అనంతపురము ప్రత్యేక జిల్లా యగువరకు ఈ తాలూకాలన్నియు బళ్ళారి క్రిందివే. మరియొక సంగతి. ఉత్తరహిందూస్థానమున సిపాయిని చిరకాలము తిలంగా అని పిలిచిరి. కంపెనీవారి తొలి సిపాయిలలో తెలుగువారికి గల స్థానమునకు అంతకంటె సాక్ష్యమేల?

ఇక గుర్తించుట. మొట్టమొదటి పొరపాటు కచేరీ బిళ్ళను పటాలపు బిళ్ళగా భ్రమించుట. డవాలుమీద బిళ్ళ ధరించిన బంట్రోతును పెద్దలెరుగుదురు. ఆ బిళ్ళ సాధారణముగా పెద్దది, దానిమీద కచేరీ పేరో ఉద్యోగపు పేరో యుండును. పటాలపు బిళ్ళమీద నుండునవి దళము యొక్క అంకె, పేరు, యుద్ధముల పేర్లు. రెండును ఇత్తడివే యైనను రెండింటి కథలు వేరు.

తరువాత చూడవలసినది కిరీటము. సింహము ముందుకాళ్ళతో కిరీటమును పట్టుకొని నిలిచియున్నచో అది కంపెనీవారి ముద్ర. 1858లో కంపెనీ పాలన పోయెను గనుక ఆ బొత్తాము అంతకు ముందరిదని తలపవచ్చును. విక్టోరియా రాణి కాలపు కిరీటమున పైకమానులు నడుమ కొంచెము అణగి ప్రక్కలకు పొడుచుకొని యుండును. 1901 తరువాత రాజుల కాలమున అది గుమ్మటమువలె నున్నగా గుండ్రమయ్యెను. 1950లో గణతంత్రము వచ్చిన పిమ్మట కిరీటము తొలగి అశోకుని సింహములు వచ్చెను. చదువురానివాడైనను ఈ భేదమును ఒక్క పూటలో నేర్వగలడు.

అంకె మాత్రము మోసము చేయును. 1903లో కిచెనరు సేనాని భారతసైన్యమునకంతకు ఒకే వరుససంఖ్య యేర్పరచెను. అప్పుడు మద్రాసు పదాతిదళములకు పాత అంకెపై 60 కలిపిరి. 13వది 73వదియయ్యెను, 20వది 80వదియయ్యెను. మద్రాసు ఆశ్వికదళములకు కలిపినది 25. కావున 73 అంకెగల బిళ్ళను చూచి అది వేరు దళమనియు, 13 అంకెగలది మరియొకటనియు వ్రాసుకొనుట తగదు. ఊరి సర్వే నంబర్లు మారినప్పుడు పాత లెక్కను క్రొత్త లెక్కతో సరిచూచుకొనునట్లే ఇచ్చటను చూచుకొనవలెను.

ఏనుగు గుర్తును గూర్చి ఒకమాట. 1803 సెప్టెంబరు 23న అస్సయి యుద్ధమున మహారాష్ట్రులతో పోరిన దళములకు ఆ గౌరవము లభించెను. మద్రాసు సాపర్లు, కొన్ని సిపాయి పటాలములు దానిని ధరించినవి. అయితే ఇంగ్లండునుండి వచ్చిన తెల్లపటాలములును అదే ఏనుగును ధరించినవి గనుక ఏనుగును చూచినంతనే నిర్ణయము చేయరాదు. కిరీటము ధరించిన బంగారు డ్రాగను 1840-42 చీనాయుద్ధమునకు గుర్తు. ఆ యుద్ధములో, 1841 మేనెలలో, కాంటను నగరము వెలుపల మద్రాసు 37వ పటాలపు సిపాయిల కంపెనీ ఒకటి వరిమళ్ళలో దారితప్పి, వానకు మందు తడిసి తుపాకులు పేలక, వేలకొలది గ్రామస్థుల నడుమ చిక్కుకొనెను. చినుకుకై ఆకాశము వంక చూచు సీమలో ఆ కథ వినువారికి వింతగా తోచును.

బిళ్ళను తిప్పి వెనుక చూడనివాడు సగమే చూచినవాడు. అచ్చువేసిన బిళ్ళ వెనుక ముందరి రూపమే గుంటలుగా కనబడును. పోతపోసినదాని వెనుక గరుకుగా, చిన్నచిన్న రంధ్రములతో నుండును. పోతదెల్ల దొంగదని త్రోసివేయరాదు. దండుబజారు పనివారు ఆనాడే పోసి యిచ్చినవియు కలవు. కాని రేఖలు మొద్దుబారి, అంచులు క్రొత్తగా ఆకురాయి పట్టినట్లుండి, నలుపు పూసినట్లున్నచో అనుమానింపవలెను. రెండు వలయములలో సీల దూర్చునది పాతపద్ధతి, అది తరువాతను కొనసాగినది. టోపీలోనికి దూర్చు నిలువుపట్టీ సుమారు 1900 ప్రాంతమున వచ్చినది.

ఇల్లాండ్రకు ఒక మనవి. పండుగకు చెంబులు తోమునట్లు వీనిని చింతపండుతోను బూడిదతోను తోమవలదు. ఏండ్లతరబడి పట్టిన ముదురురంగు పోయినయెడల మరల రాదు, సన్నని అక్షరములును అరగిపోవును. పొడిగుడ్డతో తుడిచిన చాలును.

తలమీది గుర్తు స్వల్పవిషయమని యెవరైన తలచినచో 1806 జూలై 10వ తేదీని జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. తోలుగుర్తుగల క్రొత్త తలపాగా ధరింపుడనియు, నుదుటి బొట్టు తీయుడనియు ఆజ్ఞాపించినందుననే వేలూరు కోటలో సిపాయిలు తిరుగబడిరి. వందలమంది మడిసిరి. పాల్గొన్న మూడు పటాలములును రద్దయ్యెను.

బిళ్ళను సేకరించుట దానిని పూజించుట కాదు. 1893 అక్టోబరులో గుంతకల్లువద్ద తెల్లసోల్జరులు ఇద్దరు స్త్రీలను తరుమగా, వారికి అడ్డునిలిచిన రైల్వే గేటుకాపరి గూళి హంపన్న తుపాకిగుండుకు బలియయ్యెను. విచారణలో నిందితుడు విడుదలయ్యెను. ప్రజలు హంపన్నకు గుత్తిలో స్మారకశిల నిలిపిరి. పటాలపు బిళ్ళను చేతబట్టినవాడు ఆ శిలనుగూడ ఒకమారు చూచి రావలెను.

బిళ్ళకంటె పతకము విలువైనది, ఏలననగా బిళ్ళమీద మనిషి పేరుండదు. 1914-18 యుద్ధపు పతకమునకు అంచుమీద సైనికుని సంఖ్య, హోదా, పేరు, దళము ఆంగ్లాక్షరములలో నుండును. సైనికులకు వెండిది, కూలిదళములకు కంచుది ఇచ్చిరి. కంచుదానిని చౌకదని పారవేయువారు తూకమే యెరిగినవారు. కూలికై కడలి దాటిన మనిషి పేరు మరియే కాగితముమీదను మిగిలి యుండకపోవచ్చును.

చట్టమునుగూడ తెలిసికొనవలెను. నేలలో దాగి దొరికిన పది రూపాయలకు మించిన వస్తువును 1878 నాటి నిక్షేపచట్టము ప్రకారము కలెక్టరునకు తెలుపవలెను. నూరేండ్లు దాటిన పురావస్తువులను 1972 చట్టము ప్రకారము సొంతముగా విదేశములకు పంపరాదు. పోల్చి చూడగోరువారికి చెన్నపట్టణపు సెంటుజార్జి కోటలో 1948 నుండి ప్రదర్శనశాల కలదు. ఆయుధములు, పతకములు, సైనికుల దుస్తులు అచ్చట చూడనగును.

గ్రంథాలయమున ఇందుకొక చిట్టా యుంచిన చాలును. బిళ్ళను ఇంటివారియొద్దనే యుంచి, దాని కొలత, బరువు, ముందువెనుకల గుర్తులు, ఏ యింట దొరికినది, ఇంటి పెద్దలు దానినిగూర్చి చెప్పిన మాట, తేదీతో వ్రాసికొనవలెను. పతకమైనచో అంచుమీది పేరును ఉన్నదున్నట్లు ఆంగ్లమున ఎక్కించి, ప్రక్కనే తెలుగున వ్రాసి, ఒక ఆదివారమునాడు చదువరులకు బిగ్గరగా చదివి వినిపింపవలెను. ఆ పేరు విని, ఆయన మా ముత్తాత యని లేచి నిలుచువారు ఆ యూరిలోనే యుండవచ్చును.